ఫార్మాట్ కొట్టించడమేనా మన ఇంజినీరింగ్?

హాస్టల్ వాట్సాప్ గ్రూపులో "పెన్‌డ్రైవ్ పెట్టినా బూట్ కావట్లేదు, ఎవరైనా హెల్ప్ చేయండి" అని ఒక మెసేజ్ పడిందనుకోండి. వచ్చే జవాబులు దాదాపు ఎప్పుడూ మూడే. ఒకడు "ఎఫ్12 కొట్టు మామా" అంటాడు. అది డెల్లా, హెచ్‌పీయా అని కూడా అడగడు. రెండోవాడు ఒక యూట్యూబ్ లింకు పడేసి మాయమవుతాడు. మూడోవాడు "ఇదంతా ఎందుకురా, సీటీసీకి తీసుకెళ్లు, ఫార్మాట్ కొట్టించేస్తారు" అని తేల్చేస్తాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మన హైదరాబాద్ విద్యార్థులకు అంత పెద్ద దిక్కు మరి.

ఈ ముగ్గురిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. "స్క్రీన్ మీద సరిగ్గా ఏం కనబడుతోంది?"

డాక్టర్ దగ్గరికెళ్తే "ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి" అని అడక్కుండా మందు రాస్తే మనం ఊరుకుంటామా? కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివేవాళ్లం కూడా నాడి చూడకుండానే మందు వేసేస్తాం. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. లేవని మెషీన్‌ని పెన్‌డ్రైవ్‌తో లేపడం ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ రావాలి. అది "హార్డ్‌వేర్ వాడి పని" అని చిన్నచూపు చూడటం మానాలి. దాన్ని నేర్పే బాధ్యత కాలేజీ తీసుకోవాలి.

ఆ శుక్రవారం ఏం జరిగింది?

"క్లౌడ్ కాలంలో ఇంకా పెన్‌డ్రైవ్ గోల ఏంటి?" అని నవ్వేవాళ్లకి 2024 జులై 19 గుర్తు చేయాలి. ఆ రోజు శుక్రవారం. మన టైము ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక చిన్న అప్‌డేట్ ఫైలు విడుదల చేసింది. హైటెక్ సిటీలో జనం ఐడీ కార్డులు గీకి లోపలికి వెళ్లే సమయం. 10 గంటల 57 నిమిషాలకి కంపెనీ ఆ ఫైలుని వెనక్కి తీసుకుంది. మధ్యలో గడిచింది 78 నిమిషాలు. ఆ కాస్త సమయంలోనే ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మన శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు ప్రపంచమంతా తిరిగింది. చూసి అందరం నవ్వుకున్నాం కూడా.

నవ్వు సంగతి సరే, అసలు విషయం తర్వాతి భాగంలో ఉంది. తప్పు ఫైలుని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు కదా, మరి మెషీన్లు బాగుపడటానికి రోజులెందుకు పట్టింది? ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ కెర్నల్ స్థాయిలో పనిచేసేది, బూట్ అయ్యేటప్పుడే లోడ్ అవుతుంది. మెషీన్ లేస్తుంది, ఆ ఫైలు చదువుతుంది, పడిపోతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయ్యి కొత్త ఫైలు తెచ్చుకునేంత సేపు చాలా మెషీన్లు నిలబడలేదు. నిలబడని మెషీన్‌కి దూరం నుంచి ఎవరూ ఏమీ చేయలేరు. ఎవరో ఒకరు దాని ముందుకెళ్లి, సేఫ్ మోడ్‌లోనో రికవరీలోనో లేపి, ఆ ఫైలుని చేత్తో తీసేయాలి. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా కొట్టాలి. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ ఈ పనికోసం ఒక టూల్ ఇచ్చింది. అదేంటో తెలుసా? ఒక బూటబుల్ పెన్‌డ్రైవ్!

కోట్ల రూపాయల క్లౌడ్ వ్యవస్థలకి ఆ వారం దిక్కైంది పెన్‌డ్రైవ్ చేతబట్టుకుని డెస్కు డెస్కుకీ తిరిగిన సపోర్ట్ ఇంజినీర్లు. మన క్యాంపస్‌లో చూస్తే నిచ్చెన ఇంకోలా ఉంటుంది. పైమెట్టు మీద ప్రొడక్ట్ కంపెనీ కోడర్, కింద సర్వీస్ కంపెనీ, ఇంకా కింద టెస్టింగ్, అట్టడుగున "డెస్క్‌టాప్ సపోర్టా... పాపం". ఆ "పాపం" అనే మాట వెనక్కి తీసుకోవాలని నా మనవి. ప్యాకేజీలో తేడా ఉండొచ్చు, అది మార్కెట్ చూసుకుంటుంది. కానీ ఆ పనిలో ఆలోచన లేదనుకోవడం మన అజ్ఞానం.

ఆలోచన ఎక్కడుంది?

"బూట్" అనే మాటకే ఒక కథ ఉంది. ఇంగ్లిష్‌లో "బూట్‌స్ట్రాప్" అంటే బూటు వెనక ఉండే పట్టీ. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడం అనే అసాధ్యమైన పని నుంచి ఆ పేరు వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ని మెమరీలోకి తేవాలంటే ఒక ప్రోగ్రామ్ కావాలి. ఆ ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎవరు తేవాలి? అందుకే చిన్నది పెద్దదాన్ని లేపుతుంది, ఆ పెద్దది ఇంకా పెద్దదాన్ని లేపుతుంది. ఇంట్లో అందరికంటే ముందు లేచి మిగతావాళ్లందర్నీ లేపే నానమ్మ లాంటిది మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్.

పాత బయాస్ పద్ధతిలో ఈ ఫర్మ్‌వేర్ డిస్క్‌లోని మొదటి 512 బైట్లు చదివి, అక్కడున్న కోడ్‌కి పగ్గాలు అప్పజెప్పేది. ఇప్పటి యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. అది ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌ని చదవగలదు. పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాని లోపల బూట్ అనే ఫోల్డర్, అందులో ఒక నిర్ణీత పేరున్న ఫైలు ఉందా అని వెతుకుతుంది. ఉంటే నడుపుతుంది, లేకపోతే "బూటబుల్ డివైస్ దొరకలేదు" అంటుంది. ఇందులో మాయా లేదు, మంత్రం లేదు. ఒక రిలే పందెం అంతే. కర్ర ఎవరి చేతిలో జారిపోయిందో కనుక్కోవడమే మన పని.

దానికి వరుసగా ఐదు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటిది, పెన్‌డ్రైవ్ సరిగ్గా తయారైందా? ఐఎస్ఓ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేసి "బూట్ కావట్లేదు" అనేవాళ్లు ఇప్పటికీ చాలామంది. ఐఎస్ఓ అంటే కట్టిన మూట. మూట విప్పి సర్దాలి, అలాగే గుమ్మంలో పడేస్తే లాభం లేదు. రూఫస్, వెంటాయ్, ఎచర్ లాంటివి ఉన్నది అందుకే. ఇంకో చిక్కు, ఫ్యాట్32 ఫార్మాట్‌లో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు. విండోస్ ఐఎస్ఓల్లోని ఇన్‌స్టాల్ ఫైలు చాలాసార్లు అంతకంటే పెద్దది. అందుకే ఫైళ్లు చేత్తో లాగి పడేసే పద్ధతి అక్కడ బెడిసికొడుతుంది. డౌన్‌లోడ్ సగంలో పాడైందేమో తెలియాలంటే వెబ్‌సైట్‌లో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో పోల్చుకోవాలి. విండోస్‌లోనే దానికి కమాండ్ ఉంది, నిమిషం పని. హాస్టల్ వైఫై ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ నిమిషం మిగుల్చుకోరు.

రెండోది, మెషీన్‌కి పెన్‌డ్రైవ్ కనబడుతోందా? బూట్ మెనూ కీ కంపెనీకో రకం. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో చాలా మోడళ్లకి ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయాస్‌లో దాన్ని ఆన్ చేయాలి. ఇప్పటి మెషీన్లు ఎంత త్వరగా లేస్తాయంటే కీ నొక్కే సందే ఇవ్వవు. విండోస్ ఇంకా పనిచేస్తుంటే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టండి, వచ్చే నీలి తెరలో "యూజ్ ఎ డివైస్" అని ఉంటుంది. హబ్‌లు, ఎక్స్‌టెన్షన్ వైర్లు తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులోనే పెట్టాలి. ఒక పోర్టులో కనబడకపోతే ఇంకో పోర్టు చూడాలి.

మూడోది, కనబడినా ఒప్పుకుంటోందా? పాత బయాస్ పద్ధతికి మాత్రమే తయారుచేసిన పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ మెషీన్ పట్టించుకోదు. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో పాత లెగసీ మోడ్ అసలు ఉండదు. ఆపైన సెక్యూర్ బూట్ అనే కాపలాదారు. సంతకం ఉన్న కోడ్‌నే లోపలికి పంపుతాడు. ఉబుంటు లాంటి పెద్ద లినక్స్‌లకి మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న చిన్న ప్రోగ్రామ్ ఒకటి ముందు నడుస్తుంది, దాన్ని షిమ్ అంటారు. కొన్ని కొత్త మోడళ్లలో ఈ రకం సంతకాన్ని కూడా బయాస్‌లో విడిగా అనుమతించాలి. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్న చాలామందికి లినక్స్ లేవడం ఆగిపోయింది. కారణం ఇదే, కాపలాదారు చేతిలో ఉండే నిషేధిత జాబితా మారింది. తెర మీద "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని స్పష్టంగానే వచ్చింది. చదివినవాళ్లకి దారి తెలిసింది. చదవనివాళ్లు ఫార్మాట్ కొట్టారు.

నాలుగోది, ఒప్పుకున్నా మధ్యలో ఆగుతోందా? మెనూ వచ్చాక నల్ల తెర వస్తే పెన్‌డ్రైవ్ తన పని కొంతవరకు చేసినట్టే. అప్పుడు అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి, ర్యామ్ మీదికి, అరిగిపోయిన పెన్‌డ్రైవ్ మీదికి పోవాలి. ఉబుంటులో "సేఫ్ గ్రాఫిక్స్" ఎంపిక ఉన్నది ఇలాంటప్పటికే.

ఐదోది, అన్నీ బాగున్నా ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనబడటం లేదా? ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఎస్ఎస్‌డీ ఇన్‌స్టాలర్‌కి కనబడకపోవచ్చు. డిస్క్ పోయిందని కంగారుపడి కొత్తది కొనక్కర్లేదు. ఇంటెల్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి "లోడ్ డ్రైవర్" కొడితే కనబడుతుంది.

ఈ ఐదింటి కంటే ముఖ్యమైన సూత్రం ఒకటుంది. అదే పెన్‌డ్రైవ్‌ని పక్క రూమ్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో పెట్టి బూట్ మెనూ దాకా చూడండి. అక్కడ లేస్తే ఇక మన మెషీన్‌నే ముందు చూడాలి. అక్కడా లేవకపోతే పెన్‌డ్రైవ్ మీదే మొదటి అనుమానం. ఒక్క పరీక్షతో సమస్య సగానికి తగ్గింది. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయాలి. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో బైనరీ సెర్చ్ అని పదిసార్లు రాశాం కదా, అది ఇదే. ఇంకో నియమం, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసింది కాగితం మీద రాసుకోవాలి. నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చి మెషీన్ లేస్తే, దేనివల్ల లేచిందో మనకి తెలియదు. రేపు మళ్లీ పడితే మళ్లీ మొదటికే.

ఒక హెచ్చరిక కూడా. బయాస్‌లో చేయి పెట్టేముందు బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి. ఇటీవలి విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనల్ని అడక్కుండానే ఆన్ అయిపోవచ్చు. సెక్యూర్ బూట్ మార్చగానే అది 48 అంకెలు అడుగుతుంది. కీ లేకపోతే ప్రాజెక్టు, ఫొటోలు, అన్నీ గోవిందా. కీ సాధారణంగా మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది, ముందే ఫోన్‌లో తెరిచి రాసిపెట్టుకోండి.

ల్యాబ్‌లో ఇది ఎందుకు లేదు?

ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో బ్యాంకర్స్ అల్గారిథమ్ చేస్తాం, పేజ్ రీప్లేస్‌మెంట్ లెక్కలు చేస్తాం, షెడ్యూలింగ్ పటాలు గీస్తాం. అవి వద్దనడం లేదు, అవసరమే. కానీ అంత పెద్ద సబ్జెక్టు చదివి, ఆ సిస్టమ్ అసలు ఎలా నిద్రలేస్తుందో చూడకుండా బయటపడటం వింతగా లేదూ? వంట పుస్తకం మొత్తం బట్టీపట్టి పొయ్యి వెలిగించడం రానట్టు! మనలాంటి కాలేజీల ల్యాబుల్లో బయాస్‌కి పాస్‌వర్డ్, పోర్టులకి తాళం. భద్రత కోసమే కావచ్చు, అర్థం చేసుకోగలం. అయితే పాడైనా ఫర్వాలేదనుకునే పది పాత మెషీన్లని ఒక మూల పెట్టి "వీటిని మీ ఇష్టం" అంటే కాలేజీకి పోయేదేమీ లేదు.

దీనివల్ల నష్టపోయేది ఎవరు? కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోగలిగినవాళ్లు కాదు. అన్నయ్య వాడి వదిలేసిన మెషీన్‌తోనో, సెకండ్‌హ్యాండ్‌తోనో ఫస్టియర్‌లో చేరిన పిల్లలు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. వ్యక్తిగత వినియోగదారులకి నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, అంతే. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్‌లో అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి. అంతకుముందువి, శుభ్రంగా పనిచేస్తున్నా సరే, గేటు బయటే. అలాంటి మెషీన్‌లో తేలికపాటి లినక్స్ వేసుకుంటే సీ, పైథాన్, జావా ల్యాబులన్నీ హాయిగా నడుస్తాయి. నాలుగేళ్ల చదువు దాని మీదే గడిచిపోవచ్చు. ఆ అమ్మాయికీ, ఆ మెషీన్‌కీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క పెన్‌డ్రైవ్, దాన్ని బూట్ చేయడం తెలిసిన ఒక్క సీనియర్. ఆ సీనియర్ దొరక్కపోతే ఆ ఇంట్లో ఇంకో ఈఎంఐ మొదలవుతుంది. నాకు సంబంధించినంతవరకు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

ఎదుటివాళ్ల మాటా విందాం

"షాపులో ఇస్తే అయిపోయేదానికి ఇంత చదువెందుకు?" అంటారు. షాపు వాళ్ల పనిని తక్కువ చేయడం లేదు, సీటీసీలో కూర్చునే చాలామందికి ఈ ఐదు ప్రశ్నలు మనకంటే బాగా తెలుసు. సమస్య మన వైపుంది. ఏం పాడైందో తెలియకుండా వెళ్తే "ఫార్మాట్ చేయండి" అని మనమే అడుగుతాం, డేటా పోతుంది. ఏం పాడైందో తెలిసి వెళ్తే అక్కడ కూడా మాట వేరుగా ఉంటుంది.

"ఇవన్నీ ఏఐని అడిగితే చెబుతుంది కదా?" అనేవాళ్లూ ఉన్నారు. చెబుతుంది, నిజమే. కానీ దానికీ తెర మీద ఏముందో మనమే చెప్పాలి. "బూట్ కావట్లేదు" అని మాత్రమే చెబితే అది కూడా ఆ వాట్సాప్ గ్రూపు లాగే పది రకాల మందులు రాస్తుంది. గమనించి, ఉన్నది ఉన్నట్టు చెప్పే నేర్పు లేకపోతే ఏ సాధనమూ మనల్ని గట్టెక్కించదు.

"సాహిత్య పత్రికలో ఈ గోలేంటి?" అని మన క్లబ్బులోనే అడగొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం భాష పని కాదా? మన తోటివారు చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చారు. ఎర్రర్ మెసేజ్ చదవకుండా దాటేయడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు, ఆ ఇంగ్లిష్ చూసి కలిగే జంకు కూడా. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులతో కలిసి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపింది. ఆ దారి మనకి కొత్తది కాదు. అరచేతంత తెలుగు కరపత్రం ఒకటి, "తెర మీద ఇలా వస్తే అర్థం ఇది, చేయాల్సింది ఇది" అని ఇరవై మెసేజ్‌లతో వేస్తే అదీ సాహిత్య సేవే. ఆ పని మన క్లబ్బు చేయొచ్చు.

అడుగుతున్నవి మూడే

ఒకటి, ప్రతి ఏడాది ఫస్టియర్ క్లాసులు మొదలైన నెలలో ఒక శనివారం "ఇన్‌స్టాల్ డే" పెట్టాలి. సీనియర్లు పెన్‌డ్రైవ్‌లతో కూర్చుంటారు, జూనియర్లు మెషీన్లతో వస్తారు. షరతు ఒక్కటే, కీబోర్డు మీద చేయి జూనియర్‌దే ఉండాలి. సీనియర్ నోటితో మాత్రమే చెప్పాలి. చేసిపెడితే ఒక మెషీన్ బాగవుతుంది, చేయిస్తే ఒక మనిషికి పని వస్తుంది.

రెండు, ఓఎస్ ల్యాబ్‌లో ఒక్క సెషన్ దీనికివ్వాలి. కావాలని చెడగొట్టిన పాత మెషీన్లు ముందు పెట్టి "ఎందుకు లేవడం లేదో కారణం రాయండి" అనాలి. బాగుచేసినందుకు సగం మార్కులు, కారణం సరిగ్గా రాసినందుకు సగం.

మూడు, వాట్సాప్ గ్రూపులో ఒక మర్యాద పాటిద్దాం. సాయం అడిగేవాళ్లు మోడల్ పేరు, స్క్రీన్ ఫొటో, అప్పటిదాకా చేసి చూసినవి పెట్టాలి. జవాబిచ్చేవాళ్లు అవి చదివాకే మాట్లాడాలి. దీనికి ప్రిన్సిపాల్ గారి పర్మిషన్ కూడా అక్కర్లేదు, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు.

రేపు మనలో సగం మంది మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో ఏదో ఒక గాజు బిల్డింగులో కూర్చుంటాం. మన కోడ్ ఆగిపోతుంది, సర్వర్ పడిపోతుంది, క్లయింట్ ఫోన్ చేస్తాడు. అప్పుడు అక్కరకొచ్చేది ఈ అలవాటే. ఏం కనబడుతోంది, ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడ ఆగింది అని కంగారుపడకుండా వరుసగా అడుక్కోవడం. దాన్ని నేర్చుకోవడానికి మన గదిలో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ కంటే చవకైన ల్యాబ్ ఇంకొకటి దొరకదు.